సముద్రానికి గ్రామసభ ఏది?

"సుస్థిర నిర్వహణ" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒక అనుమానం వస్తుంది. దేన్ని నిర్వహిస్తారు, ఎవరిని నిర్వహిస్తారు? ఈ మాట మనకు కొత్త కాదు. వన సంరక్షణ సమితులు అన్నారు, ఉమ్మడి అటవీ యాజమాన్యం అన్నారు, ప్రజల భాగస్వామ్యం అన్నారు. మొక్కలు మనచేతే నాటించారు, కందకాలు మనచేతే తవ్వించారు. చాలా ఊళ్లలో ఆ కందకం చివరికి మన పోడు భూమి చుట్టూనే తిరిగింది. భాగస్వామ్యం అంటే మన చేతులు, వాళ్ల నిర్ణయం అని అప్పుడు మన పెద్దలకు అర్థమైంది.

ఇప్పుడు అదే మాట సముద్రం ఒడ్డున తిరుగుతోంది. తీర నిర్వహణ ప్రణాళిక, నీలి విప్లవం, నీలి ఆర్థిక వ్యవస్థ. పేర్లు మారాయి, పద్ధతి మారలేదు. అందుకే కొండ మీది టీచరు సముద్రం గురించి ఎందుకు రాస్తున్నాడని అడిగేవారికి నా జవాబు ఇది: వాళ్లకు ఇప్పుడు జరుగుతున్న పాఠం మనం ముందే చదివేశాం. చదివినవాడు చెప్పకపోతే తప్పు.

ఇంకో కారణం కూడా ఉంది. సముద్రం మనకు దూరం అనుకోవడం అబద్ధం. అరకు, శిమిలిగుడ, బొర్రా మీదుగా రాత్రింబవళ్లు పోయే ఇనప రాయి రైలును చూడని పిల్లవాడు మన దగ్గర ఉన్నాడా? కొత్తవలస – కిరండూల్ లైను 1960ల్లో వేశారు. బస్తర్‌లో బైలదిల్లా కొండల్ని తవ్వి ఆ ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేశారు. దాని కోసం మన కొండల్లో సొరంగాలు తొలిచారు. ఆ రైలు ఆగేది విశాఖ రేవులో. ఖనిజం మోసుకుపోయే పెద్ద ఓడలు నిలవడానికి 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టారు. ఆ గోడల పక్కనే ఫిషింగ్ హార్బర్. కొండ నుంచి గోండుల రాయి పోయింది, ఒడ్డున జాలారి రేవు పోయింది. రెండింటికీ మధ్య ఒక్క రైలు. ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చేదీ ఆ రాయే. దామన్‌జోడి అల్యూమినా కూడా విశాఖ రేవు నుంచే దేశాలు దాటుతోంది. మన దగ్గర బాక్సైట్ తవ్వి ఉంటే అదీ ఆ దారినే పోయేది.

నీళ్ల సంగతి తీసుకున్నా అంతే. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద కూడా మన కొండల నీళ్లే. కొండ మీద కురిసిన వాన మట్టినీ, ఆకు కుళ్లునీ మోసుకుని కిందికి పోతే, దాని మీద నదీ ముఖంలో చేపపిల్లలు పెరుగుతాయి. ఆ నదుల మీద తాటిపూడి, రైవాడ జలాశయాలు కట్టి నీళ్లు పట్నానికి తిప్పారు. ఇసుక ఆనకట్ట దగ్గర ఆగింది. అటు రేవు కోసం సముద్రంలోకి కట్టిన రాతిగోడలు, దక్షిణం నుంచి ఉత్తరానికి కెరటాలు తోసుకొచ్చే ఇసుకను ఆపాయి. ఇక రామకృష్ణా బీచ్ కోతకు గురవుతోందని అందరూ ఆశ్చర్యపోతారు! రేవువాళ్లు డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్ వైపు పోస్తుంటారు. ఒకప్పుడు సముద్రం ఉచితంగా చేసిన పనిని ఇప్పుడు డీజిల్ కాల్చి చేస్తున్నారు. దీన్నీ నిర్వహణే అంటారు.

మా బడి పిల్లల్ని ఒకసారి విశాఖ విహారయాత్రకు తీసుకెళ్లాం. మామూలుగా అందరూ చూసేవే మా జాబితాలోనూ ఉన్నాయి: కైలాసగిరి, జూ పార్కు, సబ్‌మెరైన్. నేను పట్టుబట్టి తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్లాను. కంపు కొడుతుందని తోటి టీచర్లు వద్దన్నారు. పిల్లలకు మాత్రం అది పెద్ద సంతలా కనిపించింది. జెట్టీకి ఆనుకుని వరసగా బోట్లు, ఐసు దించేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, కేకలు పెట్టి వేలం పాడేవాళ్లు, తట్టలతో నిలబడ్డ ఆడవాళ్లు. వంజరం, చందువ ఒక పక్కకి. కవళ్లు, కానగంతలు ఇంకో పక్కకి. ఆ ఎండు మెత్తళ్లు చూసి ఒక పిల్ల, "మేస్టారూ, ఇవి మా హుకుంపేట సంతకొచ్చేవే" అంది. నిజమే. వానల్లో కూర దొరకని రోజుల్లో మన పొయ్యి మీద ఉడికేది ఆ ఎండుచేపే. సముద్రానికీ మన ఇంటికీ ఉన్న చుట్టరికం ఎంత పాతదో ఆ పిల్ల చెప్పినంత బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

అక్కడే ఎనిమిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "సముద్రానికి పట్టా ఎవరి పేరున ఉంటుంది మేస్టారూ?"

పోడు పట్టా కోసం తండ్రి ఐటీడీఏ చుట్టూ తిరగడం చూసిన పిల్లవాడి ప్రశ్న అది. మనవాళ్లకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. దాని కింద ఎన్ని దరఖాస్తులు తోసేశారో, ఎకరం అడిగితే ఎన్ని సెంట్లు రాశారో మనకు తెలుసు. 1996 పెసా చట్టం ఉంది. గ్రామసభ తీర్మానాలు మండలాఫీసులో కూర్చుని రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1/70 ఉంది, బినామీలూ ఉన్నారు. అయినా అవి కాగితం మీద ఉన్నాయి కాబట్టి మనం నిలబడి అడగగలుగుతున్నాం. 1997లో సమత తీర్పు వచ్చింది మన అనంతగిరి మండలం గొడవ మీదే. ఆదివాసీ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు లేకపోతే మన కొండలు ఇప్పటికి ఎలా ఉండేవో ఊహించుకోండి.

మత్స్యకారుడికి ఏముంది? తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఉంది. అది చట్టం కాదు, పర్యావరణ చట్టం కింద కేంద్రం జారీచేసే ఉత్తర్వు. మొదట 1991లో వచ్చింది, 2011లో మళ్లీ రాశారు, 2019లో మళ్లీ రాశారు. రాసిన ప్రతిసారీ ఒడ్డున ఎవరు ఎంత కట్టుకోవచ్చో మారుతుంది. 2019లో జనం ఎక్కువగా ఉన్న పల్లె తీరాల్లో కట్టడాలు చేయకూడని పట్టీని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించారు. దాని వల్ల జాలారి గుడిసెకు మేలు జరుగుతుందని కొందరన్నారు. గుడిసెకు మేలు జరిగితే మంచిదే. కానీ ఆ 150 మీటర్లలో గుడిసె కంటే ముందు రిసార్టు లేస్తుందని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మనకు ఒక చట్టం ఉంది, దాన్ని మార్చాలంటే పార్లమెంటుకు పోవాలి. వాళ్లకున్నది ఢిల్లీలో ఒక శాఖ సంతకంతో మారిపోయే కాగితం.

2011 నోటిఫికేషన్ ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. అందులో స్థానిక సంప్రదాయ తీర ప్రజల నుంచి కనీసం ముగ్గురు ఉండాలి. ముగ్గురు! మన గ్రామసభలో ఊరంతా కూర్చుంటుంది, కనీసం కూర్చోవాలని చట్టం చెప్తుంది. అక్కడ జిల్లా తీరమంతటికీ ముగ్గురు చాలన్నారు.

ఇది ఎవరికీ తోచని విషయం కూడా కాదు. స్వామినాథన్ కమిటీ 2009లో ఇచ్చిన నివేదికలో అటవీ హక్కుల చట్టం తరహాలోనే మత్స్యకారులకూ హక్కుల చట్టం తేవాలని సిఫార్సు చేసింది. ఏళ్లు గడిచాయి. ఆ చట్టం రాలేదు. ఈలోగా రేవులు వచ్చాయి. ఉక్కు ఫ్యాక్టరీ పక్కన గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు పడవలు నిలుపుకున్న చోట 2009 నాటికి ఓడలు నిలిచాయి. తరువాత ఆ రేవు చేతులు కూడా మారింది. నక్కపల్లి దగ్గర మందుల పార్కు వస్తుందంటే రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వ్యర్థ జలాలు ఎక్కడికి పోతాయన్నది వాళ్ల ప్రశ్న. గొట్టం చివర సముద్రంలో ఉంటే అది ఎవరి వాకిట్లోనూ లేనట్టు మాట్లాడుతున్నారు అధికారులు. మన గెడ్డలోకి ఒక ఫ్యాక్టరీ నీళ్లు వదిలితే ఊరుకుంటామా?

ఫిషింగ్ హార్బర్ దగ్గరికే వద్దాం. 2023 నవంబర్ 19 రాత్రి అక్కడ మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ మన పోలవరం నిర్వాసితుల్ని అడగండి, పరిహారం లెక్క ఎలా ఉంటుందో. ఇంటికి లెక్క కడతారు, భూమికి కడతారు. అడ్డాకుకు, చింతచెట్టుకు, గెడ్డలో పట్టుకున్న చేపకు కట్టరు. హార్బర్‌లోనూ బోటుకు యజమాని ఉన్నాడు, కాగితం ఉంది. ఆ బోటు మీద వాటాకు పనిచేసే కళాసీ, ఐసు మోసేవాడు, తట్ట ఎత్తి వీధులు తిరిగే ఆవిడ? వాళ్లు ఆ సముద్రం మీద బతుకుతున్నారని రాసి ఉన్న కాగితం ఏది? అంతకు ఏడాది ముందు, 2022 నవంబర్‌లో, ఆ హార్బర్ ఆధునీకరణకు సుమారు 150 కోట్లతో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆధునిక జెట్టీ వస్తుంది, వేలం షెడ్డు వస్తుంది. ఆ షెడ్డులో తట్ట ఆవిడకు కూర్చునే చోటు ఉంటుందా లేదా అన్నది ఆమెతో మాట్లాడి తేల్చాలి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. "మత్స్యకార సమాజం" అని ఒకే ముద్దగా మాట్లాడటం కూడా తప్పే. మన ఊళ్లలో షావుకారుతో చేతులు కలిపినవాడు లేడా? అక్కడా అంతే. 1994లో వచ్చిన రాష్ట్ర సముద్ర చేపలవేట చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మర పడవలు వేటాడకూడదు. అది తెప్పలకు, చిన్న పడవలకు వదిలిన నీరు. ఆ గీతను ఎవరు పట్టించుకుంటున్నారు? రింగు వలల మీద తగువు ముదిరి 2022 జనవరిలో విశాఖ తీరంలో మత్స్యకారులు మత్స్యకారుల మీదకే వెళ్లారు. పడవలు తగలబడ్డాయి. పోలీసులు దిగారు. గుడ్డు మీదున్న చేప, వేలెడు కూడా లేని పిల్లచేప, అంతా ఒకే వలలో వస్తే రేపు ఎవరికీ ఉండదని వాళ్లకు తెలియదా? తెలుసు. నేను వదిలేస్తే పక్కవాడు పడతాడు అన్న భయం అలా చేయిస్తుంది. ప్రతి చలికాలంలో తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ట్రాల్ వలలో చిక్కినవి ఊపిరాడక చస్తాయి. తాబేలు తప్పించుకునే చట్రం వలకు పెట్టడం లేదని అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్యల్ని కొనడం మానేసింది. ఇవన్నీ దాచిపెట్టి మత్స్యకారుడి పక్షాన మాట్లాడితే అది పక్షం కాదు, పొగడ్త.

కానీ ఈ భయానికి మందు ఏమిటి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం పెట్టారు. ఆ కాలానికి ఇచ్చే మత్స్యకార భరోసా 2025లో 20 వేల రూపాయలు చేశారు. చేప గుడ్డు పెట్టే కాలంలో వేట ఆపడం సరైన పనే. నేను దాన్ని తప్పు పట్టను. నా అభ్యంతరం వేరు. ఎప్పుడు ఆపాలి, ఎక్కడ ఆపాలి, ఏ కన్ను వల వేయాలి అన్నది మొదటి నుంచి చివరి దాకా పైనుంచి వచ్చే ఆదేశం. పైనుంచి వచ్చిన ఆదేశాన్ని కాపలా ఉన్నంతసేపే పాటిస్తారు.

మన పద్ధతి చూడండి. మామిడి కొత్త చేసేదాకా ఊళ్లో ఎవరూ మామిడికాయ ముట్టరు. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త కూడా అంతే. ఫారెస్టు గార్డు లేడు, జరిమానా రసీదు లేదు. ఊరు పెట్టుకున్న గడువు అది, అందుకే ఊరు పాటిస్తుంది. దీన్ని మూఢనమ్మకమని ట్రైనింగ్ కాలేజీలో మాకు నేర్పారు. ఇప్పుడు అదే సంగతిని పరిశోధకులు "సంప్రదాయ వనరుల యాజమాన్యం" అని పేరు పెట్టి మళ్లీ మనకే నేర్పుతున్నారు, అది వేరే కథ. జాలారి పేటల్లోనూ ఇలాంటి కట్టుబాట్లు ఉన్నాయి. అలివి వల ఏ రోజు ఎవరి వంతు అన్నది, తగువొస్తే తీర్చే పెద్దలు ఎవరన్నది పేట తేలుస్తుంది. ఒడ్డున కొండనూ గుడినీ కలిపి గీత చూసి, నీటి కింద చేప చేరే రాతిపార ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు వాళ్లు. ఆ పెద్దలకు చట్టం దగ్గర ఏ విలువా లేదు. మర పడవ 8 కిలోమీటర్ల లోపలికి వస్తే ఆపే అధికారం వాళ్లకు లేదు. ఫిర్యాదు ఇచ్చే హక్కు ఉంది. ఫిర్యాదు ఇవ్వడం ఎలా ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు?

ఇది జరగని పని అనేవాళ్లకు రెండు దేశాలు చూపిస్తాను. మన రాయి కొనుక్కున్న జపాన్‌లోనే 1949 చేపలవేట చట్టం ఒడ్డు దగ్గరి నీటి మీద వేట హక్కును ఊరి మత్స్యకార సహకార సంఘాలకు ఇచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఎంత పట్టాలన్నది చాలావరకు ఆ సంఘమే తేల్చుకుంటుంది. తమ ఒడ్డున మత్స్యకారుడికి హక్కు రాసిచ్చుకుని, ఆ తరువాత మన ఒడ్డు నుంచి ఖనిజం తీసుకుపోయారు! రెండోది చిలీ. అక్కడ తీరంలో బతికే మపుచే ఆదివాసులను లాఫ్‌కెంచెలు అంటారు. వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2008లో ఒక చట్టం వచ్చింది. ఆదివాసీ సమాజాలు తాము తరతరాలుగా వాడుకుంటున్న తీరపు నీటిని తమ నిర్వహణ కింద ఇవ్వమని అడగవచ్చు. అక్కడ కూడా కంపెనీలు ఆ చట్టాన్ని కత్తిరించాలనే చూస్తున్నాయి, అది వేరే సంగతి. కానీ సముద్రానికి కూడా సామూహిక హక్కు రాయవచ్చని అక్కడ రుజువైంది.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన విషయం. మత్స్యకారుల్ని ఎస్టీ జాబితాలో చేర్చాలనే డిమాండ్ చాలాకాలంగా ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడు పార్టీలు ఆశ పెడతాయి, తరువాత మర్చిపోతాయి. ఆ డిమాండ్ వచ్చిన ప్రతిసారీ మన సంఘాలు వ్యతిరేకించాయి. నేనూ వ్యతిరేకిస్తాను, దాచను. 2020లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. మన ప్రాంతంలో మన పిల్లలకు టీచరు పోస్టులే లేకుండా పోతున్న కాలంలో, ఉన్న ఏడో ఎనిమిదో ఉద్యోగాల్ని ఇంకా పంచుకోమంటే కుదరదు. కానీ అక్కడితో ఆగి, "వాళ్ల సంగతి మనకెందుకు" అనేసి వెళ్లిపోతున్నాం. అదే పార్టీలకు కావలసింది. జాబితా గురించి రెండు పేద సమాజాలు కొట్టుకుంటూ ఉంటే సముద్రపు హక్కు గురించి ఎవరూ అడగరు. వాడబలిజలూ జాలారులూ జాబితా ఎందుకు అడుగుతున్నారు? తెప్ప మీద బతుకు సాగక అడుగుతున్నారు. వెయ్యి కిలోమీటర్లకు దగ్గరగా తీరం ఉన్న రాష్ట్రం నుంచి శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోయి, అక్కడి బోట్లెక్కి, 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఒడ్డు దగ్గర చేప ఉంటే, ఆ చేప మీద హక్కు ఉంటే, ఎవడు పోతాడు అంత దూరం? జాబితాకు ఒప్పుకోకపోవడం మన హక్కు. దానికి బదులుగా ఏ హక్కు అడగవచ్చో వాళ్లతో కూర్చుని చెప్పవలసిన బాధ్యత కూడా మనదే. అటవీ హక్కుల చట్టం కోసం ఎలా కొట్లాడామో, దరఖాస్తు ఎలా రాయించామో, గ్రామసభ ఎలా కూర్చోబెట్టామో, ఎక్కడ మోసపోయామో మన దగ్గర అనుభవం ఉంది. వాళ్ల దగ్గర సంఘబలం ఉంది, నగరం నడిబొడ్డున కూర్చునే చోటు ఉంది. హార్బర్ ఒక్కరోజు ఆగితే నగరానికి తెలుస్తుంది. పాడేరు ఒక్కరోజు ఆగితే ఎవరికీ తెలియదు.

కాబట్టి యువ మిత్రులకు, తోటి టీచర్లకు కొన్ని పనులు చెప్తున్నాను. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ సభల్లో మనం చదివే తీర్మానాల్లో ఒకటి సముద్రపు హక్కుల చట్టం గురించి ఉండాలి: ఒడ్డు దగ్గరి 8 కిలోమీటర్ల నీటి మీద పేటల సామూహిక హక్కును గుర్తించాలని, పేట సభ ఒప్పుకోకుండా రేవు గానీ వ్యర్థాల గొట్టం గానీ రాకూడదని, ఆ సభలో ఆడవాళ్లకు సగం చోటు ఉండాలని. ఎనిమిదో తరగతి పిల్లలకు గోస్తనీ పాఠం చెప్పేటప్పుడు భీమిలి దగ్గర ఆపకుండా హార్బర్ దాకా చెప్పండి. విహారయాత్రకు విశాఖ వెళ్తే జూ చూపించండి, కానీ తెల్లవారుజామున జెట్టీకి కూడా తీసుకెళ్లండి. నవంబర్ 21 ప్రపంచ మత్స్యకార దినోత్సవం. ఆ రోజు జాలారిపేటలోనో హార్బర్‌లోనో సభ ఉంటుంది. మనలో పదిమందైనా వెళ్లి, పిలవకపోయినా, వెనక వరసలో కూర్చుందాం. మాట్లాడమంటే జాబితా గురించి మన అభ్యంతరం మొహం మీదే చెప్పి, ఆ తరువాత అటవీ హక్కుల చట్టం కాపీ ఒకటి వాళ్ల చేతికిద్దాం.